యూనియన్ లెక్కలు, ఆరో పాఠం: చేబదులు అనే మాట కొట్టేయండి

ఏ ఖర్చును ఏ నిధి కింద రాయాలో చెప్పమని కిందటి పాఠం చివర ఇచ్చిన పది వోచర్లకు మీ జవాబులు చూశాక, ఈసారి చెప్పాలనుకున్న ఆడిట్ సంగతి పక్కన పెట్టాను. ఎక్కువమంది నాలుగో వోచరు దగ్గరే జారిపడ్డారు. అది అభ్యర్థి ఫొటోతో వేసిన కరపత్రాల బిల్లు. కొందరు దాన్ని ‘పత్రిక ప్రచురణ’ పద్దులో రాశారు. కార్మికుల సమస్యలు చర్చించే పత్రికకు సాధారణ నిధి, అంటే యూనియన్ మామూలు ఖర్చుల నిధి, వాడుకోవచ్చని ట్రేడ్ యూనియన్ల చట్టం 15వ సెక్షన్ చెప్పిన మాట నిజమే. ఓటేయమని అడిగే కాగితం పత్రిక ఎలా అవుతుంది? మరికొందరు ‘సాధారణ నిధిలో నాలుగో వంతు దాకా ఇవ్వవచ్చు కదా’ అన్నారు. అది కార్మికులందరికీ మేలు చేసే పనికిచ్చే విరాళానికి గీసిన హద్దు, పార్టీకి రాసిచ్చిన వాటా కాదు.

మనం దిద్దుతున్నవి 2024 లెక్కలు, మే 13న పోలింగ్ జరిగిన ఏడాదివి. కాబట్టి 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టమే ఆధారం. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా రాజకీయ నిధిని వేరుగానే ఉంచింది.

అభ్యర్థి ఖర్చు, రాజకీయ సభ, ఓటర్ల నమోదు, ఎన్నికైన సభ్యుడి పోషణ, ఇవన్నీ 1926 చట్టం 16వ సెక్షన్ కింద ఏర్పడిన ప్రత్యేక రాజకీయ నిధి నుంచే జరగాలి. ఆ నిధిలోకి వచ్చే డబ్బు కూడా విడిగా వసూలైనదే కావాలి.

ఇక నాకు ఒళ్లు మండించే విషయం. ‘సాధారణ నిధి నుంచి రాజకీయ నిధికి చేబదులు’ అన్న పద్దు నాకు కనీసం ఏడు జవాబుల్లో కనిపించింది. ఎన్నికలయ్యాక తిరిగి జమ చేస్తామంటారు. చేస్తారనే అనుకుందాం. అప్పటిదాకా ఎవరి డబ్బుతో సభ పెట్టినట్టు? రాజకీయ చందా ఇవ్వనన్న సభ్యుడి డబ్బుతో. సాధారణ నిధిని ఖర్చు చేయదగిన పనుల జాబితాలో రాజకీయ నిధికి అప్పివ్వడం లేదు. చేబదులు, అడ్వాన్సు, సర్దుబాటు, ఏ పేరు పెట్టినా అంతే. పేరు మార్చినంత మాత్రాన డబ్బు మారదు. రెండు ఖాతా పుస్తకాలు పెట్టినంత మాత్రాన నిధి వేరు కాదు, డబ్బు వచ్చిన దారి వేరు కావాలి.

నేను కోశాధికారిగా ఉన్నన్నాళ్లూ సభ్యత్వానికి తెల్ల రసీదు, రాజకీయ నిధికి గులాబీ రసీదు ఇచ్చేవాణ్ణి. చట్టంలో రంగు మాట లేదు. కానీ ఒకే రసీదు మీద ‘చందా వగైరా’ అని రాసే అలవాటుకు ఇంతకన్నా మందు నాకు దొరకలేదు.

జీతంలో కోత సంగతి. సభ్యుడు రాతపూర్వకంగా ఒప్పుకుంటే సభ్యత్వ చందాను జీతంలోంచి కోయవచ్చని 2024లో అమల్లో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం చెప్పింది. రాజకీయ చందా ఆ చట్టంలోని కోతల జాబితాలో లేదు. యాజమాన్యం చేత కోయించకండి, సభ్యుడి చేతి నుంచే తీసుకోండి.

ఇవ్వనివారిని ఏమీ చేయడానికి లేదు. ఆ నిధి నిర్వహణలో వారికి పాత్ర లేకుండా చేయవచ్చు, అంతే. జబ్బు సాయం, కేసులో వకీలు, చివరికి సభ్యత్వం కూడా దీనికి ముడిపెట్టకూడదు.

అభ్యాసం: 310 మంది సభ్యుల యూనియన్. 118 మంది తలా 50 రూపాయలు రాజకీయ నిధికి ఇచ్చారు. కరపత్రాలకు 4,200, సభకు 3,000 ఖర్చయింది. తగ్గిన సొమ్మును సాధారణ నిధి నుంచి తీశారు. ఎంత తీశారో లెక్కగట్టి, దాన్ని తిరిగి ఎవరి దగ్గర, ఏ రసీదుతో వసూలు చేయాలో పద్దులతో సహా రాయండి. తర్వాత మీ యూనియన్ 2024 రసీదు పుస్తకాలు తీసి, ‘వగైరా’ అన్న మాట ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి పంపండి.