గుమ్మానికి టేకు కొనేముందు అంచులు చూడండి

ఇల్లు కడుతూ ముషీరాబాద్ టింబర్ డిపోల వైపు వెళ్లేవాళ్లకి ఒక మాట. టేకు కదా, చెద పట్టదులే అని నిశ్చింతగా ఉండకండి. చెదల్ని దూరం పెట్టేది చేవలో, అంటే చెట్టు లోపలి ముదురు చెక్కలో ఉండే టెక్టోక్వినోన్ లాంటి సహజ రసాయనాలు. చెట్టు లోపలి చెక్క చేవ తేలేటప్పుడే ఇవి అక్కడ చేరతాయి. చుట్టూ ఉండే తెల్లచెక్కలో ఆ రక్షణ దాదాపు లేదు, పైగా పిండిపదార్థం ఉంటుంది. టేకైనా సరే, ఆ తెల్లచెక్కని చెదలు తినేస్తాయి.

అందుకే కోత మీద కాస్త నీళ్లు చల్లి తుడిచి చూడండి. బంగారు గోధుమరంగు చేవకీ, పాలిపోయిన అంచుకీ మధ్య గీత స్పష్టంగా తేలుతుంది. దర్వాజాలో నేలకి, గోడకి తగిలే వైపు తెల్లచెక్క వస్తే ఆ ముక్క మార్చమని గట్టిగా అడగండి. ప్రైమర్ వేశాక ఏదీ కనిపించదు, కాబట్టి కోసిన రోజే దగ్గరుండి చూసుకోవాలి. లేత తోటల టేకు విషయంలో మరీ జాగ్రత్త, దాంట్లో తెల్లచెక్క వాటా ఎక్కువ. బడ్జెట్ టెన్షన్ ఉంటే బాగా చేవ తేలిన వేగిస కర్ర తీసుకోండి, అదీ చెదలకి బాగానే తట్టుకుంటుంది. ఏ కర్రైనా బిగించకముందే అడుగు కోతకి చెదల మందు రెండు పూతలు పట్టించండి.