మాయకథల్లో మాట తీరు – 3వ పాఠం: పని ఎవరు చేస్తున్నారు?

పోయిన పాఠంలో సర్వనామాలు చూశాం. రాక్షసుణ్ణి కథకుడు ‘వాడు’ అంటున్నాడా, ‘అది’ అంటున్నాడా, ‘ఆయన’ అంటున్నాడా అని పెన్సిల్‌తో గుర్తు పెట్టమన్నాను. ఈసారి క్రియల దగ్గరికి వద్దాం. నా మటుకు నాకు ఈ వరసలో ఇదే అసలు పాఠం, ఎందుకంటే ఫలానావాడు ధీరుడు, శూరుడు అని రచయిత పది విశేషణాలు వేసినా, వాక్యాల్లో ఆ మనిషి చేసే పనంటూ లేకపోతే ఆ ధైర్యం చదివేవాళ్ళ మనసుకెక్కదు.

కావలిలో ఆదివారాలు నాతో కూర్చుని చదువుకునే డిగ్రీ పిల్లల కోసం చిన్న ముక్క ఒకటి రాశాను. చోటు ఉదయగిరి కొండ.

‘ఆ రాత్రి పెంచలయ్య కొండెక్కాడు. కోనేటి మెట్లు కాళ్ళ కింద వణికాయి. నీళ్ళు నల్లబడ్డాయి. లోపల ఏదో వెలుగు కనిపించింది. గొంతు ఎండిపోయింది. చేతిలో కాగడా దానంతటదే ఆరిపోయింది. అది నీళ్ళలోంచి లేచింది. “మనం దిగుదాం రా” అంది.’

కింద చదివే ముందు మీరే క్రియల కింద గీతలు గీయండి, ఒక్కోదానికి కర్త ఎవరో పక్కన రాయండి.

మా పిల్లల్లో ఒకమ్మాయి గీతలు గీస్తూ గీస్తూ ఆగి, “అన్నా, పెంచలయ్య ఏం చేయలా, అన్నీ ఆయనకి జరగతా ఉండాయి” అంది. ఆ ఒక్క మాటలో పాఠమంతా ఉంది. లెక్క చూడండి: మాటల్లోని ‘దిగుదాం’, ‘రా’ పక్కన పెడితే మొత్తం 8 క్రియలు. పెంచలయ్య కర్తగా ఉన్నది ఒక్కటే. మెట్లు, నీళ్ళు, వెలుగు, గొంతు, కాగడా కలిసి 5. ‘అది’కి 2. పైగా గొంతు ఆయనదే, అయినా వాక్యంలో అది ఆయన చెప్పుచేతల్లో లేదు. ‘భయపడ్డాడు’ అనే మాట ఎక్కడా రాయలేదు, కానీ చదివినవాళ్ళందరికీ భయం తెలిసింది. అది వ్యాకరణం చేసిన పని.

ఈ పనికి తెలుగు చాలా అనువైన భాష. ఆరు–ఆర్పు, విరుగు–విరుచు, తెగు–తెంపు, మునుగు–ముంచు, కాలు–కాల్చు అని మనకు జంటలున్నాయి కదా. ఒకదాంట్లో పని దానంతటదే అయిపోతుంది, రెండోదాంట్లో ఎవరో చేస్తారు. ‘కాగడా ఆరిపోయింది’ తీసేసి ‘పెంచలయ్య కాగడా నీళ్ళలో ముంచి ఆర్పేశాడు’ అని మార్చి చూడండి, మిగతా వాక్యాలు ముట్టుకోకుండానే మనిషి మారిపోతాడు. ఇప్పుడాయన భయపడేవాడు కాదు, ఏదో పథకం వేసుకుని వచ్చినవాడు. క్రియ చివర చేరే ‘కొను’ (ఇక్కడ ‘కుంది’) సంగతి కూడా గమనించండి. ‘వండుకుంది’ అంటే తన కోసం వండిందని, కానీ ‘తలుపు తెరుచుకుంది’ అంటే తలుపు తనంతట తానే తెరుచుకుందని. మాయకోటల్లో తలుపులెప్పుడూ తెరుచుకుంటాయే కానీ వాటిని ఎవరో తెరిచినట్టు రాయరు. ఆ ‘కొను’ తీసేస్తే మాయ సగం పోతుంది.

ఇదంతా నేను కనిపెట్టిన పద్ధతి కాదు. విలియం గోల్డింగ్ 1955లో ‘ది ఇన్హెరిటర్స్’ అనే నవల రాశాడు, అందులో నియాండర్తల్ మనుషులు (ఎప్పుడో అంతరించిపోయిన ఆదిమానవ జాతి), వాళ్ళ మధ్యకు వచ్చిన కొత్త మనుషులు ఉంటారు. ఆ నియాండర్తల్ మనుషుల్లో ఒకడైన లోక్ అనే పాత్రకు విల్లంటే తెలీదు. ఎదుటివాడు విల్లు లాగుతుంటే లోక్ కంటికి కర్ర రెండు వైపులా పొట్టిదై మళ్ళీ పొడుగైనట్టు ఉంటుంది. లాగే మనిషి, వదిలిన బాణం వాక్యంలోకి రారు. భాషాశాస్త్రవేత్త హాలిడే 1971లో ఆ నవల మీద ఒక వ్యాసం రాసి, లోక్ వాళ్ళ వాక్యాల్లో మనుషులు కదులుతారు, చూస్తారు, కానీ వస్తువుల మీద పని చేయడం బాగా తక్కువనీ, చివర కొత్త మనుషుల వైపు నుంచి కథ నడిచేటప్పుడు ఆ తీరు మారిపోతుందనీ చూపించాడు. ఆ జాతి ప్రపంచాన్ని అర్థం చేసుకునే పద్ధతే ఆ క్రియల్లో ఉందన్నమాట.

ఆయన చూసింది ఇంగ్లీషు. మనం చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు కావాలి. తెలుగులో కర్తను వదిలేసి మాట్లాడతాం, కాబట్టి దాగిన కర్తను వెతికి రాసుకోవాలి. ‘దిగి’, ‘ముంచి’ లాంటి అసమాపక క్రియలను కూడా లెక్కలో వేసుకోండి, లేకపోతే ఒకే వాక్యంలో నాలుగు పనులు చేసిన వీరుడికి ఒక్క మార్కే పడుతుంది. ఇంకోటి, ‘పెంచలయ్య వెలుగు చూశాడు’ వేరు, ‘పెంచలయ్యకు వెలుగు కనిపించింది’ వేరు. ‘కు’ తగిలిన మనిషికి విడిగా ఒక గడి పెట్టండి: భయమేసింది, కలొచ్చింది, చలేసింది, ఇవన్నీ ఆ గడిలోకే. ఒక్క పేరా చూసి రచయిత శైలి ఇదీ అని తేల్చేయొద్దు, అదే పుస్తకంలో ఊళ్ళో జరిగే మామూలు పేరాలు రెండైనా తీసుకుని పక్కన పెట్టి చూడాలి.

ఇక ఆ ‘మనం’. ‘మేము దిగుతాం’ అని ఉంటే అది, దాని తోటివి మాత్రమే దిగుతాయి, పెంచలయ్య గట్టు మీదే మిగిలిపోతాడు. ‘మనం దిగుదాం’ అనేసరికి ఆయన ఒప్పుకోకముందే ఆయన్ని తనలో కలిపేసుకుంది. నాకు ఈ ముక్కలో అన్నిటికంటే భయం పుట్టించేది ఈ మాటే, కోరలూ గోళ్ళూ కాదు.

పదాల ఎంపిక గురించి ఎక్కువ చెప్పను. ఒంగోలులో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తయారుచేసిన వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం 1962లో వచ్చింది, దొరికితే చూడండి. బావిలోంచి ఎద్దులతో నీళ్ళు తోడేదాన్ని ‘కపిల’ అనే రైతూ ‘మోట’ అనే రైతూ ఒక ప్రాంతంవాళ్ళు కారు. మీ కథలో దెయ్యం కూడా ఏదో ఒక ఊరిదే కదా, దాని నోట్లో ఏ మాట పెడుతున్నారో ఆలోచించండి.

వచ్చే పాఠం సంభాషణల మీద, తిక్కనతో మొదలుపెడదాం. ఈలోపు పై ముక్కను రెండు రకాలుగా తిరగరాయండి. మొదటిసారి కనీసం 5 క్రియలకు పెంచలయ్యే కర్త కావాలి, అందులో 3 ఏదో ఒక వస్తువు మీద చేసే పనులై ఉండాలి. రెండోసారి నీళ్ళలో ఉన్నదాని కంటి నుంచి రాయండి. కాగడా అంటే ఏమిటో దానికి తెలీదు.