టెక్ పిన్నుల టెలిమార్క్ బైండింగ్ మొరాయిస్తే

మడమ కట్టేయకుండా చేసే స్కీయింగ్ టెలిమార్క్. బూటును స్కీకి పట్టి ఉంచే పరికరమే బైండింగ్. 19వ శతాబ్దంలో నార్వేలోని టెలిమార్క్ ప్రాంతం నుంచి, మోర్గెడాల్ ఊరి సోండ్రే నోర్‌హైమ్ వల్ల పేరుకెక్కింది. మలుపులో వెనక కాలి మడమ లేస్తుంది, మోకాలు స్కీ వైపు వంగుతుంది. బైండింగుల్లో చాలాకాలం 75 మిల్లీమీటర్ల మూడు పిన్నుల పద్ధతి నడిచింది, 2007లో ఎన్‌టీఎన్ (న్యూ టెలిమార్క్ నార్మ్) అనే కొత్త పద్ధతి వచ్చింది. ఇప్పటి తేలికరకం వీటికి భిన్నం. బూటు ముందు భాగాన్ని రెండు పక్కల నుంచి చిన్న పిన్నులు పట్టుకుంటాయి (1980లలో ఆస్ట్రియా ఇంజనీరు ఫ్రిట్జ్ బార్తెల్ కనిపెట్టిన ఏర్పాటే ఇది). దిగేటప్పుడు స్ప్రింగు కొక్కెం బూటు అరికాలి కిందున్న మెట్టును పట్టుకుంటుంది. కొన్నింటిలో కొక్కానికి బదులు మడమ చుట్టూ కేబుల్ ఉంటుంది. కొక్కెం తప్పించి కొండ ఎక్కితే కాలు తలుపు బందు తిరిగినట్టు తిరుగుతుంది, స్కీని ఈడ్చుకెళ్లే బాధ ఉండదు.

ఇంత తేలిక వస్తువులో వచ్చే తంటాల్లో ఎక్కువ భాగం మంచుగడ్డ వల్లే. అందుకే ముందు గీకండి, స్క్రూడ్రైవర్ తర్వాత తీయండి.

ఎక్కుతుంటే బూటు ఊడిపోతోంది

మొదట చూడాల్సింది ముందున్న లీవర్. ఎక్కేటప్పుడు దాన్ని పైకి లాగి లాక్ చేయాలి. లాక్ వేసినా ఊడుతుంటే లోపల మంచు ఉన్నట్టే, అది రెండు చోట్ల దాక్కుంటుంది. ఒకటి బూటు పక్కలున్న పిన్ను గుంటలు. కారు హీటర్ దగ్గర వెచ్చబడ్డ బూటుతో మంచులో దిగితే, గుంటలో పడ్డ మంచు కరిగి మళ్లీ గడ్డకడుతుంది. పిన్ను సగమే దిగుతుంది. పైకి మాత్రం అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. రెండోది పిన్నుల చేతుల కింద, స్ప్రింగుల దగ్గరి సందు. అక్కడ మంచు కూరుకుపోతే చేతులు పూర్తిగా మూసుకోవు, లీవర్ కూడా పైదాకా రాదు.

అమెరికాలోని కొలరాడోలో బెర్థడ్ పాస్ అనే కనుమ దగ్గర ఒక ఉదయం ఇదే సంగతి అర్థం కాక, బైండింగ్ పాడైందనుకుని అరగంట స్క్రూలు తిప్పాను. తీరా చూస్తే గుంటలో బియ్యపు గింజంత మంచు. ఆ తిప్పిన స్క్రూలు సరిచేయడానికి ఇంకో వారం పట్టింది.

పరిష్కారం తేలికే. సందును చిన్న పుల్లతోనో స్క్రేపర్ మూలతోనో గీకండి. బూటు తొడిగాక లాక్ వేయకుండానే మడమను పది పన్నెండు సార్లు పైకీ కిందకీ ఊపండి. పిన్ను తిరిగి గుంటలోని గడ్డను పొడి చేస్తుంది. అప్పుడు లాక్ వేసి, స్కీని నేల మీద పక్కకు ఒకసారి గట్టిగా తట్టి చూడండి.

దిగేటప్పుడు ముందు భాగం తెరుచుకుంటోంది

మంచు లేదని తేలాక స్ప్రింగు చూడండి. కేబుల్ మరీ బిగిస్తే మోకాలు పూర్తిగా వంగకముందే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. ఇక సాగడానికి చోటు లేక ఆ బలమంతా పిన్నుల మీద పడుతుంది. రెండు పక్కలా సమానంగా ఒక్కో చుట్టు వదులు చేసి చూడండి. లీవర్ లాక్ వేసుకుని దిగేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే పడినప్పుడు స్కీ కాలిని వదలదు. హిమపాతం భయమున్న వాలు మీద నేనైతే ఆ పని చేయను.

కొక్కెం పట్టుకోవడం లేదు

బూటు కింద మంచు పేరుకుని ఉంటుంది, గీకేయండి. ఇంట్లో పొడిగా ఉన్నప్పుడూ పట్టకపోతే బూటు పొడవుకు కొక్కెం స్థానం సరిపోలేదని అర్థం. కంపెనీ కాగితం చూసి ముందుకో వెనక్కో జరపండి.

మలుపులో మరీ మెత్తగా ఉంది, అదుపు లేదు

తప్పు బైండింగ్‌దా, మనదా? ఇంట్లో తివాచీ మీద స్కీ తొడిగి, వెనక మోకాలు వంచి చూడండి. బూటు ముడతల దగ్గర వంగి, పాదం ముందు భాగం స్కీని నొక్కుతుంటే మీ పని బాగుంది. అప్పుడు స్ప్రింగు బిగించవచ్చు. అలా కాక బూటు కర్రలా నిటారుగా లేచి మునివేళ్ల మీద నిలబడుతుంటే, ఎంత బిగించినా లాభం లేదు. వెనక కాలి మీద బరువే లేదన్నమాట. కొత్త బూటు, అందులోనూ చలికి బిగుసుకున్న ప్లాస్టిక్, ఈ అలవాటును ఇంకా పెంచుతుంది. బిగించేటప్పుడు ఎన్ని చుట్లు తిప్పారో రాసుకోండి, రెండు కాళ్లకూ ఒకటే లెక్క.

బైండింగే కదులుతోంది

మడమ స్వేచ్ఛగా లేచే పద్ధతిలో స్క్రూల మీద పైకి లాగే బలం ఎక్కువ. సీజన్‌లో అప్పుడప్పుడు 3వ నంబరు పోజీడ్రైవ్ (ప్లస్ గుర్తు లాంటి మొనున్న) బిట్‌తో చేత్తోనే బిగించండి, పవర్ డ్రిల్ వద్దు. స్క్రూ ఊరికే తిరుగుతుంటే కన్నం పాడైంది. కొండ మీద ఉంటే స్టీల్ ఊల్ పీచును కన్నంలో కూరి, ఎపాక్సీ జిగురు వేసి బిగించి దిగిపోవచ్చు. ఇంటికొచ్చాక ఆ చోటు బాగా ఆరనిచ్చి షాపులో లోహపు మర వేయించండి. స్కీ లోపలి చెక్కలో నీళ్లు చేరితే జిగురు పట్టదు.

దారిలో కేబుల్ తెగింది

టెన్షన్ పడకండి, పిన్నులు కాలిని పట్టుకునే ఉంటాయి. లీవర్ లాక్ చేసి, మడమ కుదురుగా ఆనించి, పొడవాటి అడ్డదారుల్లో వెళ్తూ, మలుపు దగ్గర ఆగి కిక్ టర్న్‌తో (నిలబడిన చోటే ఒక్కో స్కీని ఎత్తి తిప్పుకుని) తిరిగి మెల్లగా దిగండి. టెలిమార్క్ మలుపులు ఆ రోజుకిక లేవు. తెగిన ముక్కను పారేయకుండా జేబులో వేసుకోండి, షాపులో కొత్తదాని కొలతకు అదే ఆధారం.