జైలు గణాంకాల్లో చదువు పట్టికను ఎలా పరిశీలించాలి

విజయవాడ, గుంటూరు కళాశాలల్లో నేరాల మీద ప్రాజెక్టు రాసే విద్యార్థులు “చదువు లేనివారే ఎక్కువ నేరాలు చేస్తారు” అని తేలికగా రాసేస్తుంటారు. అలా తీర్మానించే ముందు ఆధారాన్ని పరిశీలించే పద్ధతి ఇది.

ముందుగా జాతీయ నేర రికార్డుల బ్యూరో వెలువరించే జైళ్ల గణాంకాల నివేదికను దాని వెబ్‌సైటు నుంచి దించుకుని, ఖైదీల విద్యార్హతల పట్టిక తీయండి. నిరక్షరాస్యులు, పదో తరగతి లోపు చదివినవారు కలిసి సుమారు మూడింట రెండు వంతులు ఉంటారు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

తరువాత శిక్ష పడిన ఖైదీలను, విచారణ ఖైదీలను తప్పనిసరిగా వేరు చేయండి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే వారి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. పైగా ఇది డిసెంబరు 31న లోపల ఉన్నవారి లెక్క కాబట్టి, వారంలో బెయిలు మీద బయటపడినవారి కంటే నెలల తరబడి ఉండిపోయినవారే ఇందులో ఎక్కువగా కనిపిస్తారు. బెయిలు మంజూరైనా జామీనుదారులు దొరకక, ఇంటి పన్ను రసీదో పట్టాదారు పాసుపుస్తకమో చూపగలిగినవారు లేక, ఆర్డరులో ఏముందో చదువుకోలేక ఆగిపోయేది పేదవారే, చదువు అందనిదీ ఎక్కువగా వారికే. ఈ సంగతి రాయని ప్రాజెక్టు పేదరికాన్ని నేరంగా చూపినట్లే అవుతుందని నా అభిప్రాయం.

పోలిక కోసం జనాభా లెక్కలు తీసుకునేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 2011లో ఉమ్మడి గుంటూరు జిల్లా అక్షరాస్యత 67.40 శాతం, కృష్ణా జిల్లాది 73.74 శాతం. అవి ఏడేళ్లు పైబడిన స్త్రీపురుషులందరివి. ఖైదీలలో స్త్రీలు నాలుగు శాతం మాత్రమే కాబట్టి, వయోజన పురుషుల విద్యాస్థాయితోనే పోల్చాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయని కూడా పేర్కొనండి.

చదువుకు, జైలుకు కారణ సంబంధం లేదని దీని అర్థం కాదు. అమెరికాలో నిర్బంధ విద్యా చట్టాలు వేర్వేరు రాష్ట్రాల్లో మారిన తీరును ఆధారం చేసుకుని లాక్నర్, మొరెట్టి అనే ఆర్థికవేత్తలు 2004లో ప్రచురించిన అధ్యయనం, బడిలో గడిపిన సంవత్సరాలు పెరిగితే జైలుకు వెళ్లే అవకాశం తగ్గుతుందని చూపింది. ఆ నిర్ధారణను అక్కడిదిగానే ఉదహరించండి, మన జిల్లాలకు యథాతథంగా అన్వయించకండి.

చివరగా, స్థానిక జిల్లా జైలు లెక్కలు దొరికితే ఒక విషయం గుర్తుంచుకోండి. దీర్ఘకాల శిక్ష పడినవారిని రాజమహేంద్రవరం వంటి కేంద్ర కారాగారాలకు పంపుతారు కనుక, ఇక్కడి జైళ్లలో విచారణ ఖైదీల వాటా సహజంగానే ఎక్కువగా ఉంటుంది. మీ పరిశీలనలో న్యాయవాది లేని ఖైదీ కుటుంబం ఎదురైతే, 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను కింద కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉందని, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చని వారికి చెప్పండి.