రొయ్యల చెరువు ఏరియేటర్: మోటారు మూలిగినా, గేర్ బాక్స్ అరిచినా ఏం చూడాలి

వనామీ రొయ్యల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. సరిగ్గా ఆ వేళకే, తెడ్లతో నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్ మొరాయిస్తే ఎవరికైనా టెన్షనే. ఆ కంగారులో చాలామంది స్టార్టర్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతారు. దయచేసి ఆ పని చేయకండి, అప్పటిదాకా బాగున్న వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్లు) కూడా కాలిపోతుంది. ముందు జనరేటర్‌తోనో, మిగతా ఏరియేటర్లతోనో చెరువును కాపాడుకోండి. తర్వాత మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాకే నీళ్లలోకి దిగండి. ఉప్పునీళ్లలో కరెంటు ఎవరినీ వదలదు.

ఇక్కడ చెప్పేది మామూలు 2 హెచ్‌పీ త్రీ ఫేజ్ ఏరియేటర్ గురించి. మోటారు నిమిషానికి 1,440 చుట్లు తిరిగితే, గేర్ బాక్స్ దాన్ని సుమారు 100కి దించి తెడ్లను తిప్పుతుంది.

బుయ్‌మని మూలుగుతోంది, తిరగడం లేదు

తొంభై పాళ్లు ఒక ఫేజ్ పోయి ఉంటుంది. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌తో మూడు వైర్లలోనూ ఆంపియర్లు చూడండి. ఒకదాంట్లో సున్నా ఉంటే ఫ్యూజు, స్టార్టర్ కాంటాక్టులు, కేబుల్ జాయింటు వరుసగా వెతకండి. నడుస్తుండగా ఫేజ్ పోతే మోటారు ఆగకుండా మిగిలిన రెంటి మీదే లాగుతుంది. అప్పుడు వోల్టేజీ కొలిస్తే పోయిన ఫేజులోనూ ఎంతోకొంత కనిపిస్తుంది. అది చూసి మోసపోకండి, ఆంపియర్లనే నమ్మండి.

మా చెరువు మీద ఒకే మోటారు ఒక్క పంటలో రెండుసార్లు కాలింది. రెండుసార్లూ వైండింగ్ చేయించి బిగించానే తప్ప, కాలిన చుట్లు విప్పి చూడలేదు. చూసుంటే అప్పుడే తెలిసేది. స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల చుట్ల ఒక్కో కొనను ఒకేచోట కలిపిన) మోటారులో రెండు ఫేజుల చుట్లు నల్లబడి మూడోది బాగుంటే అది ఫేజ్ పోయి కాలినట్టు. మూడూ సమానంగా మాడితే లోడు ఎక్కువైనట్టు, లేదా వోల్టేజీ తక్కువైనట్టు. మాకు చివరికి దొరికింది వదులైన ఒక ఫ్యూజు క్యారియర్. అందుకే వైండింగ్‌కి ఇచ్చినప్పుడు పాత చుట్లు మీ కళ్లతో చూడండి. ఒక ఫేజ్ పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ కూడా పెట్టించండి.

ఓవర్‌లోడ్ పదేపదే పడిపోతోంది

మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసేది ఓవర్‌లోడ్ రిలే. దాని సెట్టింగ్ పెంచేయడం పరిష్కారం కాదు. ఆ సెట్టింగ్ మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్ల దగ్గరే ఉండాలి. మూడు ఫేజుల్లోనూ సమానంగా ఎక్కువ లాగుతుంటే, వోల్టేజీ సరిగ్గానే ఉంటే, తప్పు మెకానికల్ వైపుంది. తెడ్లకు నాచు, తాళ్లు చుట్టుకున్నాయేమో, తెడ్లు నీళ్లలో మరీ లోతుకు మునిగాయేమో చూడండి. అవి కావంటే గేర్ బాక్స్ నుంచి మోటారు విడదీసి ఒంటరిగా నడపండి. హాయిగా తిరిగితే గేర్ బాక్స్ పట్టేస్తోందన్నమాట.

తెడ్లు వెనక్కి తిరుగుతుంటే ఏవైనా రెండు ఫేజులు మార్చండి, అంతే.

గేర్ ఆయిల్ పాలలా తెల్లబడింది

నీళ్లు లోపలికి వెళ్లాయి. అందరూ షాఫ్టు చుట్టూ ఉండే ఆయిల్ సీల్ ఒక్కటే మార్చి ఊరుకుంటారు. గేర్ బాక్స్ గాలి రంధ్రం మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆగి చల్లబడగానే సీల్ పెదవి దగ్గర నీటిని లోపలికి లాగేసుకుంటుంది. కాబట్టి ముందు ఆ రంధ్రం శుభ్రం చేయండి. షాఫ్టు మీద పాత సీల్ గాడి పెట్టిందేమో గోరుతో తడిమి చూడండి. గాడి ఉంటే కొత్త సీల్‌ను కాస్త పక్కకు జరిపి, పెదవి నున్నటి చోట ఆనేలా కూర్చోబెట్టాలి. పాత ఆయిల్ పూర్తిగా దించి, కొద్దిగా కొత్త ఆయిల్‌తో కడిగి, కంపెనీ చెప్పిన గ్రేడ్ లెవెల్ ప్లగ్గు దాకా పోయండి. అంతకు మించితే వేడెక్కి మళ్లీ కారుతుంది.

దించిన ఆయిల్‌లో ఇనుప పలుకులు మెరుస్తుంటే పళ్లో, బేరింగో అరుగుతున్నాయి. ఇక విప్పక తప్పదు.

గరగరమని చప్పుడు

స్క్రూడ్రైవర్ కొన మోటారు మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వినండి. తర్వాత గేర్ బాక్స్ మీద కూడా అలాగే. ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడిదే. బేరింగ్ మార్చాల్సి వస్తే రేకు మూతది కాకుండా రబ్బరు సీల్ ఉన్నది అడగండి, ఉప్పు తేమకు అదే ఆగుతుంది.

పంట తీశాక

ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో వైండింగ్‌కీ బాడీకీ మధ్య కొలవండి. 1 మెగా ఓమ్ కంటే తక్కువొస్తే నడపకండి. మూతలు తీసి ఎండలో ఆరబెట్టి మళ్లీ కొలవండి. టెర్మినల్ బాక్స్ గాస్కెట్ మార్చండి. కేబుల్ దూరే చోటు కిందికి చూసేలా బిగించండి. షెడ్డులో పెట్టిన మోటార్ల షాఫ్టును వారానికోసారి చేత్తో నాలుగు చుట్లు తిప్పమని కాపలా ఉండేవాళ్లకు చెప్పండి, లేకపోతే బేరింగులు ఉన్నచోటే తుప్పు పడతాయి.