వంటగట్టుకు ఏ బండ వేయాలి? గ్రానైట్, కడప రాయి ఎంచుకుని వేయించుకునే పద్ధతి

ప్రొద్దుటూరులో మా ఇంటి పాత వంటగట్టు మీద కడప బండే ఉండేది. పాలిష్ చేసి వేసిన కొత్తలో ముఖం కనబడేంత నల్లగా మెరిసేది. ఆ ఏడాది అమ్మ ఊరగాయకు నిమ్మకాయలన్నీ దాని మీదే కోసింది. మర్నాడు చూస్తే రసం కారిన చోటల్లా తెల్లటి మచ్చలు. సబ్బు పెట్టి, పీచు పెట్టి ఎంత రుద్దినా పోలేదు. అవి మరకలైతే పోయేవి. పులుపు రాయి పైపొరను తినేసింది, అందుకే మెరుపు పోయి ఆ మచ్చలు మిగిలాయి.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే ఏ రాయి ఎక్కడ వేయాలో సగం తెలిసినట్టే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు తీసే కడప బండ, బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు తీసే నాపరాయి, ఇవన్నీ సున్నపురాళ్లే. మన దగ్గర ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చిందీ ఈ సున్నపురాయి కోసమే. సున్నపురాయికి పులుపు పడదు. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి కొద్దిగా ఆమ్లమైన నీళ్లు లక్షల ఏళ్లు పారి, ఆ రాతిలో 3 కిలోమీటర్లకు పైగా దారులు తొలిచాయి. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ ఆ నీళ్ల కంటే ఎన్నో రెట్లు పులుపు.

అందుకని నా మాట ఒకటే. వంటగట్టు పైభాగానికి గ్రానైట్ వేయండి. మిగతా చోట్ల మన బండను మించింది లేదు.

1. కొనే ముందు రాయిని పరీక్షించండి

షాపుకు వెళ్లేటప్పుడు ఒక నిమ్మకాయ, ఒక చాకు, నెయిల్ పాలిష్ రిమూవర్, తెల్లగుడ్డ తీసుకెళ్లండి. అడిగితే చిన్న ముక్క ఇస్తారు, పరీక్షలన్నీ దాని మీదే చేయండి.

ముక్క మీద నిమ్మరసం వేసి పావుగంట ఆగి తుడవండి. మెరుపు తగ్గి మచ్చ పడితే అది సున్నపురాయి. గ్రానైట్‌కు ఏమీ కాదు. తర్వాత చాకు మొనతో గీయండి. సున్నపురాయి మీద గీత పడుతుంది, గ్రానైట్ మీద పడదు. కాఠిన్యం కొలిచే మోస్ కొలమానంలో సున్నపురాయిలోని కాల్సైట్‌ది 3, గ్రానైట్‌లోని ఫెల్‌స్పార్‌ది 6, క్వార్ట్జ్‌ది 7. చాకు ఉక్కు వీటికి మధ్యన ఉంటుంది.

మూడో పరీక్ష నల్ల గ్రానైట్‌కు చాలా ముఖ్యం. బూడిద రంగు రాయికి నల్లరంగు పట్టించి అమ్మడం కూడా ఉంది. రిమూవర్‌లో ముంచిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దినప్పుడు గుడ్డ నల్లబడితే ఆ రాయి తీసుకోకండి. ఏడాది తిరిగేసరికి స్టౌ చుట్టూ రంగు వెలిసిపోతుంది.

చివరగా నాలుగు చుక్కల నీళ్లు వేసి పది నిమిషాలు చూడండి. నీళ్లు పీల్చి రాయి నల్లబడితే నూనె కూడా అలాగే పీలుస్తుంది. లేత రంగు గ్రానైట్లలో ఇది ఎక్కువ. మన వంటల్లో శెనక్కాయ నూనె, పసుపు, కారం వాడకం ఎక్కువ కాబట్టి చిక్కటి నలుపో, ముదురు రంగో తీసుకుంటే టెన్షన్ ఉండదు. లేత రంగే నచ్చితే మాత్రం సీలర్ (రాయి నీళ్లు, నూనె పీల్చకుండా పూసే పూత) పూయించక తప్పదు.

పెద్ద పలకను పక్కనుంచి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూస్తే సన్న పగుళ్లు బయటపడతాయి. వేలి కణుపుతో తట్టండి. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల చీలిక ఉంటే శబ్దం బొంగురుగా వస్తుంది.

2. కొలతలు

గట్టు వెడల్పు 24 అంగుళాలు, ఎత్తు 32 నుంచి 34 అంగుళాలు సాధారణంగా వేసే లెక్క. కానీ ఎత్తు విషయంలో మేస్త్రీ లెక్క కంటే వంట చేసే మనిషి మోచేయి ముఖ్యం. నిటారుగా నిలబడి మోచేయి మడిస్తే, దానికి నాలుగు నుంచి ఆరు అంగుళాల కింద గట్టు ఉండాలి. రాగి సంగటి తరచూ కెలికే ఇంట్లో ఇంకో రెండంగుళాలు తగ్గించినా మంచిదే. స్టౌ ఎత్తు, దాని మీద లోతైన గిన్నె, అందులో కట్టెతో కెలకడం. గట్టు ఎత్తుగా ఉంటే భుజాలు పడిపోతాయి. మేం ఈసారి అమ్మను నిలబెట్టి కొలిచి 31 అంగుళాలకు కట్టించాం.

సిలిండర్ గట్టు కిందే పెట్టేట్టయితే రెగ్యులేటర్‌తో కలిపి దాని ఎత్తు టేపుతో కొలిచి, ఆపైన చెయ్యి ఆడే ఖాళీ వదలండి. ఆ అరకు తలుపు పెట్టి మూసేయొద్దు. వంటగ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే నేల మీదే పేరుకుంటుంది, కాబట్టి గాలి ఆడే దారి నేల మట్టంలో ఉండాలి.

రాయి చదరపు అడుగుల లెక్కన కొంటాం. కోతల్లో పోయేదానికి పదో వంతు కలుపుకోండి. అవసరమైన పలకలన్నీ ఒకే దిమ్మ నుంచి వరసగా కోసినవే అడగండి. తర్వాత ఒక ముక్క తక్కువైందని వెళ్తే అదే రంగు, అదే గింజ దొరకడం కష్టం.

3. అడుగున కడప బండ, పైన గ్రానైట్

20 మిల్లీమీటర్ల మందం గ్రానైట్ చదరపు అడుగుకు దాదాపు 5 కిలోలు తూగుతుంది. 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు పలక అంటే 80 కిలోలు. కింద గట్టి ఆధారం కావాలి. మన వైపు చేసే పద్ధతే మంచిది. కడప బండలను నిలువుగా, రెండు రెండున్నర అడుగులకు ఒకటి నిలబెట్టి, వాటి మీద అడ్డంగా ఇంకో కడప బండ పరిచి, దానిపై సిమెంటు మాలు వేసి గ్రానైట్ కూర్చోబెట్టాలి. అరలు కూడా కడప బండలతోనే చేయించండి. చెద పట్టదు, తడికి ఉబ్బదు. పప్పుల డబ్బాలు, బియ్యం సంచి ఎంత బరువున్నా మోస్తుంది. అక్కడ నిమ్మరసం పడేది లేదు కాబట్టి మచ్చల బాధా లేదు.

పలకను మోసేటప్పుడు అద్దంలా నిలువుగానే మోయాలి. పడుకోబెట్టి ఎత్తితే దాని బరువుకే విరుగుతుంది, అందులోనూ సింక్ రంధ్రం కోసిన పలక.

ఆ రంధ్రం సంగతి గట్టిగా చెప్పాలి. నాలుగు మూలలూ గుండ్రంగా రావాలి. ముందు మూలల్లో డ్రిల్లుతో బెజ్జాలు వేసి, ఆ తర్వాత ఒకదాని నుంచి ఇంకోదానికి కోయమనండి. మూల కోసుగా ఉంటే ఒత్తిడంతా అక్కడే పడి ఆ మూలనుంచే పగులు మొదలవుతుంది. కోసి తీసిన ముక్క మీ సొంతమే, అడిగి తెచ్చుకోండి. అంచులు నున్నగా చేయిస్తే రొట్టెలు వత్తుకోవడానికి బాగుంటుంది.

గట్టు అంచు కింది అర కంటే అంగుళం ముందుకు రావాలి. ఆ అంచు అడుగున సన్న గాడి కొట్టిస్తే కారిన నీళ్లు అక్కడే తెగి కింద పడతాయి, అర తలుపులు తడవవు. రసమట్టం పెట్టి చూసుకుని, నీళ్లు సింక్ వైపు జారేలా రవ్వంత వాటం ఇవ్వండి. పని అయ్యాక వారం రోజులు బరువులు పెట్టకండి.

4. కోసేవాళ్ల ఊపిరితిత్తులు

గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఎక్కువ. పొడిగా కోస్తే లేచే ధూళిలో కంటికి కనబడనంత సన్నటి సిలికా, అంటే ఆ క్వార్ట్జ్ పొడే, ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపదు. కోతలు వీలైనంత వరకు ఫ్యాక్టరీలోనే, నీళ్లు పారే మిషన్ మీద చేయించండి. ఇంట్లో కోయక తప్పకపోతే ఆరుబయట, బ్లేడు మీద ఒకరు నీళ్లు పోస్తూ ఉండాలి. ఆ నీళ్లు కరెంటు మిషన్ మోటారుకు, వైరుకు తగలకుండా చూడాలి. ఎన్95 మాస్కులు మీరే కొనివ్వండి. పని తొందరలో మేస్త్రీ వద్దన్నా ఒప్పించండి. పిల్లల్ని ఆ రోజు ఇంట్లో ఉంచకండి.

5. ఆ తర్వాత

రోజూ తుడవడానికి గిన్నెల సబ్బు నీళ్లు చాలు. బాత్రూంలో వాడే యాసిడ్ ఏ రాయి మీదా పోయొద్దు. గ్రానైట్ వేడిని తట్టుకుంటుంది గానీ, పొయ్యి మీది బాండలి తెచ్చి ఒకే చోట పెడుతుంటే ఏదో ఒక రోజు పగలవచ్చు. కింద ఒక చెక్క వేయండి. నూనె ఇంకితే వంటసోడాను నీళ్లతో ముద్దగా కలిపి మరక మీద మందంగా పూసి, ప్లాస్టిక్ కవరు కప్పి రాత్రంతా వదిలేయండి. ముద్ద నూనెను లాగేస్తుంది. ఒక్కసారికి పోకపోతే మళ్లీ వేయండి.

పాత గట్టు విప్పితే వచ్చే కడప బండలు పారేయకండి. నున్నని వైపు కిందికి, గరుకు వైపు పైకి తిప్పి పెరట్లో బట్టలు ఉతికే చోటో, వాకిట్లో మెట్టుగానో వేయించండి. తడిలో కాలు జారదు.