పరాయి దేశంలో బతుకమ్మా? పెట్టె సర్దేముందు ఇవి చూసుకోండి

తంగేడు, గునుగు, కరివేపాకు పెట్టెలో వద్దు. పచ్చి ఆకూ పువ్వూ చాలావరకు అమెరికా, ఆస్ట్రేలియా కస్టమ్స్‌ దాటవు. పొడులూ పచ్చళ్లూ ఫారంలో రాసేయండి; దాస్తే ఆస్ట్రేలియాలో జరిమానా, ఒక్కోసారి వీసాయే రద్దు. బంతి, చామంతి అక్కడే దొరుకుతాయి. మా వదిన గునుగు బదులు తెల్ల చామంతులను రంగునీళ్లలో ముంచింది. వేళ్లు వారం దాకా గులాబీ రంగే, బతుకమ్మ మాత్రం అదిరింది!

నిమజ్జనానికి చెరువైతే పార్కువాళ్ల అనుమతి ముందే అడగండి. పూలు వేయనివ్వని చోట్లున్నాయి. లేదంటే పెద్ద టబ్బు.

అగరుబత్తీలు స్మోక్ అలారం కింద వెలిగించొద్దు. మోగితే ఒక్కోచోట బిల్డింగంతా కిందికి దిగాలి.

చివరి రోజు సద్దుల బతుకమ్మ పనిరోజున పడితే శనివారం ఆడుకోండి, నలుగురూ వస్తారు.

రొట్టె, బెల్లం కలిపి చేసే మలీదకు రొట్టెలు అక్కడే కాల్చుకోండి, మోసుకెళ్తే అట్టముక్కలే.